ముప్పావు ఇంచు పైపు, రాత్రి తొమ్మిదిన్నర

చెప్పులు విప్పకండి. వేరే రోజైతే మెట్ల దగ్గరే వదిలి రమ్మనేవాణ్ణి, ఇవాళ వద్దు. వెనక సందంతా తడి, సందు చివర మోటరు స్టార్టరు డబ్బా ఉంది. మీవి రబ్బరు చెప్పులేగా? మంచిది. ఈ ఫోను పట్టుకుని టార్చి గోడ మీదికి వేయండి. ఇంకాస్త కిందికి. అదిగో, వంటింటి కిటికీ కింద, క్లాంపు బిగించిన చోట.

సన్నటి నీటి ధార ఒకటి పైపులోంచి అడ్డంగా చిమ్మి, రెండడుగుల అవతలున్న ప్రహరీ గోడను కొట్టి, తుంపరలై వెనక్కి వస్తోంది. ఆ తుంపరలు పడుతున్నది స్టార్టరు మీదే. అందుకే మొట్టమొదట చేయబోయేది పైపు పని కాదు. ముందు వరండాలో మీటరు పక్కన ఎంసీబీలున్నాయి, అందులో మోటరుది దించి వచ్చాకే గోడ మీద చెయ్యి వేస్తాను. లీకు కనబడగానే పరిగెత్తుకెళ్లి అరచెయ్యి అడ్డం పెట్టేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. నీళ్లు ఎలాగూ ఆగవు. పక్కనే కరెంటు ఉంటే జరిగేది చొక్కా తడవడంతో పోదు.

దించేశాను. ఇక చూద్దాం.

ఏప్రిల్ నెల, సందులో గాలి ఆడటం లేదు. చైతన్యపురి మెట్రో స్టేషన్ దిగి కొత్తపేట వైపు వస్తే, మెయిన్ రోడ్డుకు నాలుగు సందుల లోపల ఈ ఇల్లు. కింద ఓనరు వాళ్లు, మధ్యలో మేము, పైన గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న కుర్రాళ్లు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా పాత కాలనీల్లో ఇళ్లు చాలావరకు ఇలా డబ్బు చేతికందినప్పుడల్లా ఒక్కో అంతస్తు లేచినవే. కింది వాటా కట్టిన రోజుల్లో ఇనుప పైపు, అంటే జీఐ. మధ్య వాటా వచ్చేసరికి పీవీసీ. పైది వేసేనాటికి లేత పసుపు రంగు సీపీవీసీ. ఇంటి వయసు తెలియాలంటే ముందు వైపు రంగులూ గ్రానైటూ చూడకూడదు, వెనక సందులోకి రావాలి. ఇప్పుడు కారుతున్నది ఆ జీఐ పైపే, ముప్పావు ఇంచుది. మేడ మీది ట్యాంకు నుంచి కింది వాటా వంటింటికీ బాత్రూమ్‌కీ దిగే లైను.

ధార మీద ఓ గోనె పట్టా వేలాడదీసి, కింద ఇరవై లీటర్ల పెయింటు బకెట్టు పెట్టాం. పన్నెండు నిమిషాల్లో నిండింది. అంటే గంటకు 100 లీటర్లు. పైనున్నది వెయ్యి లీటర్ల ట్యాంకు, సాయంత్రమే నింపింది. ఇలాగే వదిలేస్తే పొద్దున ఏడున్నరకల్లా ఖాళీ. రేపు నల్లా రోజు కాదు, ఎల్లుండి. బోరు మార్చిలోనే చేతులెత్తేసింది. ఇంకో లెక్క కూడా ఉంది. 2021 జనవరి నుంచి నగరంలో ఇంటి కనెక్షనుకు నెలకు 20,000 లీటర్లు ఉచితంగా ఇస్తున్నారు కదా, కందిగింజ కూడా దూరని ఈ రంధ్రం ఆ కోటా మొత్తాన్ని తొమ్మిదో రోజు గడవకముందే తాగేస్తుంది.

"ప్లంబర్‌కు ఫోన్ చేసిన. పొద్దుగాల వస్తనన్నడు," కంగారుగా అంటోంది ఓనరాంటీ కిటికీలోంచి.

"పొద్దుగాల అంటే ఎన్నింటికి ఆంటీ?"

"పదింటికి."

మన చేతిలో పన్నెండు గంటల పైచిలుకు ఉంది. ఆ పన్నెండు గంటలకు సరిపడేంత పని చేస్తే చాలు. పైపును బాగుచేస్తున్నామని అనుకోకండి. బాగుచేయడం రేపు వచ్చే అతని పని.

మీ ఇంట్లో ఎప్పుడైనా ఇలా అయితే పానా వెతుక్కునే ముందు ఒకటి గమనించండి: ఏ వేళ కారుతోంది? నల్లా వదిలిన గంటా రెండు గంటలే కారి తర్వాత ఆగిపోతే, అది వీధి లోంచి సంపులోకి వచ్చే లైను. రోడ్డు మీది లీకైతే వాటర్ బోర్డుకు, 155313 నంబరుకు చెప్పుకోవాలి. మోటరు వేసినప్పుడే కారితే సంపు నుంచి ట్యాంకుకు ఎక్కే పైపు. ఆ రోజుకు మోటరు వేయకపోతే సరి, నిద్రపోవచ్చు. రాత్రీ పగలూ ఒకే తీరుగా కారుతుంటే మాత్రం ట్యాంకు నుంచి దిగే లైను. మనది అదే. పదండి పైకి.

మెట్లు జాగ్రత్త, రెండో మలుపులో బల్బు లేదు.

చూశారా, తొమ్మిదిన్నర దాటినా ట్యాంకు ఇంకా వెచ్చగానే ఉంది. కింద నాలుగు వాల్వులు. ఏది ఏ వాటాదో ఎక్కడా రాసి లేదు. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు కరెంటు మీటరు నంబరు చెబుతారు, చెత్త బండి టైము చెబుతారు, గేటు ఎన్నింటికి వేస్తారో రెండుసార్లు చెబుతారు. ఏ వాల్వు తిప్పితే ఎవరి నీళ్లు ఆగుతాయో చెప్పిన ఓనరును నేనింతవరకు చూడలేదు. ఒక పెయింటు బ్రష్షు, పావుగంట. అంతకు మించిన ఖర్చు లేదు దానికి.

సరే, ఒక్కోటీ తిప్పి చూడ్డమే. మొదటిది తెల్ల ప్లాస్టిక్ బాల్ వాల్వు, పిడిని అడ్డంగా తిప్పితే చాలు. తిప్పాను.

"ఆగిందా ఆంటీ?"

"లేదు, కారుతనే ఉంది!"

పై వాటా బాత్రూమ్‌లోంచి కేక: "అన్నా, సబ్బు మీద ఉన్నా!"

సారీ తమ్ముడూ. వెనక్కి తిప్పేశాను. రెండోది మా వాటాదే, మా ఆవిడ ఏమీ అనలేదు, కాసేపాగి అంటుంది. మూడోది సోలార్ హీటరుది కావాలి. ఇక మిగిలింది ఈ ఇత్తడి గేట్ వాల్వు, ఎర్ర చక్రం తుప్పు పట్టి గోధుమ రంగుకు వచ్చింది. దీన్ని బలంగా తిప్పకూడదు. లోపలి ఇరుసు విరిగితే తెరిచి ఉన్నచోటే ఉండిపోతుంది. ఇటు పావు చుట్టు, అటు పావు చుట్టు, మధ్యలో ఇరుసు మీద నాలుగు చుక్కల కొబ్బరినూనె. బోరు నీళ్ల తెల్లటి మడ్డి ఏళ్ల తరబడి లోపల పేరుకుని ఉంటుంది, అది కొంచెం కొంచెంగా వదలాలి. టార్చి దగ్గరగా పట్టండి. కదిలింది. ఇంకా. ఇంకా.

"తగ్గింది... తగ్గింది... సన్నగ కారుతుంది!"

అంతే, ఇక చక్రం ముందుకు రావడం లేదు. పూర్తిగా మూసుకోదు ఇది. ఫరవాలేదు. ఆ పక్కన తలెత్తుకుని నిలబడ్డ పొట్టి పైపు ఉంది చూడండి, గాలి పైపు. అది ఉంది కాబట్టి కింద ఓ నల్లా తిప్పితే లైనులో నిలిచిన నీళ్లు గుటకలు వేయకుండా దిగిపోతాయి.

కిందికి వెళ్లి ఓనరు వాళ్ల బాత్రూమ్‌లో బకెట్టు నల్లా తిప్పుదాం. అది లీకు కన్నా కింద ఉంది, ఈ రాత్రి పనంతా దాని మీదే నడుస్తుంది. వాల్వు ఎంత సరిగా మూసుకోకపోయినా, అందులోంచి జారే సన్నటి నీరు పైపు లోపలి గోడనంటుకుని రంధ్రం పక్క నుంచి దిగి ఈ నల్లాలోంచి పోతుంది. పైపు నిండదు. నిండకపోతే రంధ్రం దగ్గర ప్రెషరు ఉండదు. ప్రెషరు లేకపోతే పైపు బయటి వైపు ఆరుతుంది. తడి పైపు మీద ఇలాంటి మామూలు మందు సరిగా అంటుకోదు. చాలామంది ఎం-సీల్ పనికిరాదని తిట్టుకునేది నీళ్లు కారుతుండగానే పూసి.

పైపు ఆరేలోపు బజారుకు వెళ్లొద్దాం.

మెయిన్ రోడ్డు మీద మెట్రో ఇంకా నడుస్తోంది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా ఈ లైను తెరిచారు, అప్పటి నుంచి పిల్లర్ల కిందా పక్కనా చీకటీ వెలుతురూ పట్టీలు పట్టీలుగా పడతాయి. హాస్టళ్ల కుర్రాళ్లు మిర్చిబజ్జీల బండి చుట్టూ. హార్డ్‌వేర్ షాపు షట్టరు సగం దించి ఉంది, వంగి లోపలికి తల పెట్టండి.

"భయ్యా, ముప్పావు పైపుకు హోస్ క్లిప్పులు కావాలి."

"పౌన్ ఇంచ్? జీఐ హై క్యా?" అని అడిగి, మన జవాబు కోసం ఆగకుండానే డబ్బాలోంచి మూడు తీశాడు. స్క్రూడ్రైవరుతో బిగించే స్టీలు క్లిప్పులు. జీఐ పైపు ముప్పావు అంటే లోపలి కొలత. బయట ఇంచుకు కాస్త ఎక్కువే ఉంటుంది, పైన రబ్బరు చుడితే ఇంకా లావెక్కుతుంది. అతను ఆ లెక్క వేసే ఒక సైజు పెద్దవి ఇచ్చాడు. ఒక ఎం-సీల్ పొట్లం, ఒక గరుకు కాయితం. టెఫ్లాన్ టేపు కూడా ఇవ్వబోయాడు, వద్దన్నాను. అది మరల మధ్య చుట్టేది, రంధ్రం మీద చుట్టేది కాదు. "టేప్ మారో, ఖతం" అని సలహా ఇచ్చేవాళ్లు ఈ ఊళ్లో లక్షమంది.

పక్క సందులో పంచర్ షాపు. పాత సైకిల్ ట్యూబు ఒక జానెడు ముక్క అడిగితే, అతను మూరెడు కోసిచ్చి డబ్బులు తీసుకోలేదు.

ఇల్లు చేరాం. పైపు చూడండి, ధార లేదు, రంధ్రం అంచున ఒక చెమ్మ. ఈ పాత బనియన్ ముక్కతో తుడుస్తాను. గోడకూ పైపుకూ మధ్య వేలు దూరడం లేదు కాబట్టి ముందు ఆ క్లాంపు మరలు విప్పాలి. విప్పి, పైపును ఒక్క అంగుళం ఇవతలికి లాగి, వెనక చెక్కముక్క దూరుస్తున్నాను. మెల్లగా. తుప్పు పట్టిన జీఐ పైపును గట్టిగా గుంజితే పైన ఎల్బో దగ్గర ఊడుతుంది, అప్పుడు ఒక లీకు రెండవుతుంది. తుప్పంతా క్లాంపు కిందే ఎందుకు పట్టిందంటారా? గోడ చెమ్మ, క్లాంపు కింద నిలిచే నీరు, ఎప్పటికీ ఆరని ఆ సందు. లోపలి నుంచి ఎంత తిన్నదో బయటి నుంచీ అంత తిన్నది.

గరుకు కాయితంతో రుద్దాలి, కానీ అది కూడా వేళ్ల చివరలతోనే. పాత పెయింటు పొరలు పొరలుగా వస్తోంది. ఆగండి, ఇక్కడేదో బూడిద రంగు ముద్ద ఉంది. ఎం-సీలే! మన రంధ్రానికి బెత్తెడు పైన. దాని పక్కన మర జాయింటు మీద సఫేదా పూసి చుట్టిన దారం, రాయై పోయి ఉంది.

"అది మా సారు పెట్టిండు," అంది ఆంటీ. "కొత్తపేటల పండ్ల మార్కెట్ ఉన్నప్పటి మాట."

పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలిపోయింది 2021లో. అంటే ఈ ముద్ద వయసు అంతకు పైనే. "తాత్కాలికం" అని పెట్టినదే అయి ఉంటుంది, ఎవరూ అడగలేదు, అది చెప్పలేదు.

ఇప్పుడు వేళ్లకు పాలిథిన్ కవరు తొడుక్కుని ఎం-సీల్ కలుపుతాను. రెండు ముద్దలు, ఒకటి ముదురు, ఒకటి లేత. పూరీ పిండి గట్టిదనం వచ్చేదాకా పిసకాలి, రెండు రంగులు పోయి ఒకటే రంగు మిగలాలి. ఎక్కడైనా చార కనబడితే అక్కడ గట్టిపడదు. కలిసింది. బఠాణీ గింజంత తీసి బొటనవేలితో రంధ్రంలోకి నొక్కి, మిగతాది చుట్టూ రెండంగుళాల మేర పలచగా పరిచి, అంచుల్ని పైపుకు అణిచేస్తున్నాను. పెద్ద ముద్ద పెడితే బలమనుకుంటారు. ముద్దకు కాదు, అంచుకే బలం. నీళ్లు అంచు కిందనుంచే దూరతాయి.

ఇక ఓ గంట ముట్టుకోకూడదు. ఆ గట్టు మీద కూర్చోండి, ఆంటీ మజ్జిగ తెస్తోంది.

ఈ గంటలో ఒకటి చెబుతాను. ఇందాక మనం కొలిచిన బకెట్టు నీళ్లు ఎక్కడివో తెలుసుగా, కృష్ణవి. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 590 అడుగులు. హైదరాబాద్ 1,700 అడుగుల పైచిలుకు. సాగర్ వెనక నీళ్లను పుట్టంగండి దగ్గర ఎత్తి అక్కంపల్లి రిజర్వాయరులో పోస్తారు. కోదండాపూర్‌లో శుద్ధి చేస్తారు. అక్కణ్ణుంచి నాసర్లపల్లి, గోడకొండ్ల, గునగల్ మీదుగా మజిలీలు మజిలీలుగా పైకి నెట్టి, మన ఎల్బీ నగర్ పక్కనే ఉన్న సాహెబ్‌నగర్ రిజర్వాయరుకు చేరుస్తారు. నూరు కిలోమీటర్ల పైన దారి. మొదటి దశ 2004లో, రెండోది 2008లో, మూడోది 2015లో వచ్చాయి. ఒక్కో దశకు రోజుకు 9 కోట్ల గ్యాలన్లు. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన గండిపేట, అదే 1920 నాటి ఉస్మాన్‌సాగర్, నీళ్లు వాలు పట్టుకుని ఊళ్లోకి వచ్చేవి. కృష్ణా నీళ్లు కరెంటు పట్టుకుని వస్తాయి. వెయ్యి అడుగుల ఎత్తు ఎక్కివచ్చిన నీళ్లు మన వంటింటి కిటికీ కింద ప్రహరీ గోడను కొడుతున్నాయి.

మజ్జిగ గ్లాసులు ఇస్తూ ఆంటీ అంటుంది: "మాది దేవరకొండ దిక్కు. పైపు మా ఊరి పక్క నుంచే పోయింది. గప్పుడు మేం బోరింగు నీళ్లే తాగేది, ఫ్లోరైడ్ నీళ్లు. మా నాయన కాళ్లు వంకర పోయినయి. పైపు లోపల మంచినీళ్లు పట్నం పోతుంటే దాని పక్కపొంటి కడవ పట్టుకుని నడిచిన నేను."

ఆమె గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లింది. లీకు చూసి ఆమె ఎందుకంత కంగారు పడిందో ఇప్పుడర్థమైంది నాకు. నెలకు 20,000 లీటర్ల లెక్క ఆమెకు పట్టింది కాదు.

గంటయింది. గోటితో నొక్కి చూడండి. దిగడం లేదు కదా? ఇక ట్యూబు. నిలువునా చీల్చి రెండంగుళాల పట్టీ చేశాను. రంధ్రానికి కాస్త కింద మొదలుపెట్టి, ప్రతి చుట్టూ ముందు చుట్టు మీద సగం ఎక్కేలా, చేతిలో ఉన్నంత బలంతో సాగదీసి చుట్టాలి. వదులుగా నాలుగు చుట్లు చుట్టేకన్నా లాగి ఒక చుట్టు మేలు. చివరను లోపలికి దోపి, పైన ఒక క్లిప్పు, కింద ఒక క్లిప్పు, సరిగ్గా రంధ్రం మీద ఒకటి. మధ్యది మాత్రం రబ్బరు కాస్త ఉబికేదాకా, అంతే. ఇంకా బిగిస్తే తుప్పు తిన్న పైపు లోపలికి కుంగుతుంది.

ఇదే ప్లాస్టిక్ పైపైతే ఈ తతంగం ఉండేది కాదు. చీలిన మేర హాక్సా బ్లేడుతో కోసేసి, కప్లరుకు సొల్యూషన్ పూసి దూర్చి, అరనిమిషం కదలకుండా పట్టుకుంటే అయిపోయేది. దానికీ షరతు ఒకటే, లోపల తడి ఉండకూడదు.

పైకి వెళ్లి వాల్వు తెరవండి. మీరే వెళ్లండి, ఏదో మీకు తెలుసు. ఒక్కసారిగా కాదు, పావు చుట్టు. నేను బాత్రూమ్ నల్లా కట్టేసి, పైపు కింద పొడి న్యూస్‌పేపరు పరుస్తాను.

నీళ్లు దిగుతున్న చప్పుడు. పైపు వణికి ఆగింది. పేపరు పొడిగానే... లేదు, ఒక చుక్క. కింది క్లిప్పు అంచున ఇంకోటి. స్క్రూడ్రైవరు ఇవ్వండి. అరచుట్టు. తుడిచి మళ్లీ చూద్దాం. వంద లెక్కపెట్టండి.

లేదు. ఆగింది.

ఓనరంకుల్ ఇప్పుడు బయటికొచ్చారు. "వాల్వు సగమే తెరిచి పెట్టండి, ప్రెషర్ సగమైతది," అంటున్నారు. ఈ నమ్మకం ఊరంతా ఉంది. నీళ్లు పారుతున్నప్పుడు ధార తగ్గుతుంది, నిజమే. కానీ నల్లాలన్నీ కట్టి ఉన్నప్పుడు పైపు మీద పడేది ట్యాంకు ఎత్తు బరువంతా. పది మీటర్ల ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో, వాల్వు సగం తెరిచినా నిండుగా తెరిచినా అంతే. ఎం-సీల్ పూర్తిగా గట్టిపడటానికి తెల్లవార్లూ కావాలి కాబట్టి, ఆంటీ రెండు బకెట్లు పట్టుకున్నాక వాల్వు మళ్లీ మూసేద్దాం. బాత్రూమ్ నల్లా కింద కూడా ఓ బకెట్టు పెట్టి తిప్పి ఉంచితే వాల్వులోంచి జారే నీరు అందులో చేరుతుంది, వృథా పోదు. పొద్దున ఆరింటికి పై వాటా కుర్రాళ్లు తెరుస్తారట. వాళ్లు ఎలాగూ నాలుగింటికే లేచి చదువుతారు.

పొద్దున ప్లంబరు పదింటికే వచ్చాడు, అదీ ఒక వింతే. కట్టు చుట్టూ వేలు తిప్పి, పేపరు పొడిగా ఉండటం చూసి, స్క్రూడ్రైవరు పిడితో పైపును పై నుంచి కింది దాకా తట్టుకుంటూ వచ్చాడు.

"మంచిగనే కట్టిన్రు. ఆర్నెల్లు ఆగుతది," అన్నాడు. అంకుల్ ముఖం వెలిగింది. "మరింకేం, మార్చుడెందుకు?"

మార్చాలంకుల్, క్లాంపులున్న ప్రతిచోటా ఇదే పరిస్థితి, అంటూ నేను నోరు తెరిచేలోపు ఆంటీ వాకిట్లోంచే అడిగేసింది: "లైను మొత్తం సీపీవీసీ ఏస్తే ఎంతయితది, లేబర్‌తోని?"

అతను వెంటనే జవాబు చెప్పలేదు. సంచి భుజానికేసుకుని మెట్ల వైపు నడిచాడు. "ముందు పైకి పదండ్రి. గా ఇత్తడి వాల్వు మార్చకుండ కింద పైపు కోస్తే ట్యాంకు మొత్తం నా నెత్తి మీదికొస్తది."